అళగేశన్‌కు చదవడం వచ్చిన ఒక్క ఇంగ్లీషు మాట

అళగేశన్‌కు ఇంగ్లీషులో చదవడం వచ్చిన మాట ఒక్కటే. దానికి ఆరు అక్షరాలు. సి, ఏ, ఎస్, యు, ఏ, ఎల్. తమిళం కూడబలుక్కుని చదువుతాడు. తాతల నాటి నుంచి ఇంట్లో మాట్లాడుకునే తెలుగు మాత్రం రాతలో కనిపిస్తే ఎవరో ముగ్గు వేశారనుకుని దాటిపోతాడు. ఇంగ్లీషు సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ఆ ఆరక్షరాలు వరసగా ఎక్కడ కనబడినా సొంత ఊరి బస్సు బోర్డు చూసినవాడిలా ఆగిపోతాడు. ఇరవై రెండేళ్లుగా హాజరు వేసే మస్టరు పుస్తకంలో అతని పేరుకు ఎదురుగా ఉన్నది ఆ మాటే: క్యాజువల్.

తమిళ సీమలో, సేదరపేట్‌లో ఫ్యాక్టరీల వరస దాటాక ఒక విత్తనాల కార్పొరేషను గోదాము ఉంది. ఏ కార్పొరేషనని అడక్కండి, చెప్పను. అలాంటివాళ్లకు పేరు పెట్టి ప్రచారం చేయడం నాకిష్టం లేదు. అళగేశన్ అక్కడ మూటలు దించుతాడు, పేరుస్తాడు, పురుగు మందు కొడతాడు, తన వంతు వచ్చిన సాయంత్రాల్లో షట్టరు దించి తాళం వేస్తాడు. వేసిన తాళాన్ని మూడు సార్లు లాగి చూస్తాడు. అందుకని తోటివాళ్లు అతనికి ‘మూడు లాగుళ్లు’ అని పేరు పెట్టి, ఇంటికి వెళ్లే తొందరలో అతని వెనక నిలబడి లెక్కపెట్టి నవ్వేవారు. అతనూ నవ్వేవాడు, కానీ మూడోది లాగకుండా కదిలేవాడు కాదు. ఇరవై రెండేళ్లలో అతని చేతి కింద ఒక్క మూట పోలేదు, ఒక్క మూట తడవలేదు.

క్యాజువల్ అంటే పర్మనెంటు కానివాడు. అళగేశన్‌కు తెలిసిన అర్థం అంతే. చేరిన రోజున ఎవరో రెండేళ్లలో పర్మనెంటు చేస్తారని చెప్పారు. ఆ రెండేళ్లు ఎంత సాగాయంటే, అతను ఎదురుచూస్తూనే, ఉన్నదాన్నే హోదా చేసుకున్నాడు. పెళ్లిచూపుల్లో తిలగం నాన్న ఉద్యోగం ఏమిటని అడిగితే “గవర్నమెంటు కేజువల్” అని ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఆ పెద్దమనిషికి అది తహశీల్దారు కింద ఏదో పదవిలా వినిపించింది. పిల్లనిచ్చేశాడు. అసలు సంగతి ఆరు నెలలకు తెలిసింది కానీ, అప్పటికి తిలగం కడుపుతో ఉంది.

ఆ మాట అతణ్ని ఊరంతా తిప్పి ఆడించింది. ఒకసారి నెహ్రూ వీధిలో బట్టల షాపులో రెండు బోర్డులు చూశాడు. ఒకదాని మీద తన ఆరక్షరాలు ఉన్నాయి, రెండోది చదవలేకపోయాడు. రెండోది పర్మనెంటువాళ్లదని తనకు తానే తేల్చుకుని, తన బోర్డు కిందికే వెళ్లి గళ్ల చొక్కా ఒకటి కొన్నాడు. మనలాంటివాళ్లకు ఇంత మంచి చొక్కాలు వేరేగా పెట్టారని ఇంటికొచ్చి తిలగంతో గొప్పగా చెప్పాడు.

కూతురు ప్రీతిక ఒకటో క్లాసులో ఉన్నప్పుడు గోదాములో మూటల మీదినుంచి పడి, కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి గుమ్మం మీద క్యాజువాల్టీ అని ఉంటే, నొప్పితో మూలుగుతూనే ఆ ఆరక్షరాలు పోల్చుకున్నాడు. క్యాజువల్స్ కోసం విడిగా వార్డు కట్టారని మురిసిపోయి, మరి పర్మనెంటువాళ్లు పడితే ఎక్కడికి తీసుకుపోతారని నర్సును అడిగాడు. ఆమె డ్యూటీ డాక్టరుకు చెప్పింది, ఆయన పక్క గదిలో చెప్పాడు. కాలికి కట్టు వేసే లోపల ఆ అంతస్తు మొత్తం నవ్వింది.

అన్నిటికన్నా చేదైనది క్యాజువల్ లీవు. పర్మనెంటువాళ్లకు ఏడాదికి కొన్ని రోజులు ఆ సెలవు ఉంటుంది, ఇంట్లో కూర్చున్నా జీతం వస్తుంది. దాని పేరు క్యాజువల్ లీవు గదా, అది ముందు తనకే రావాలి గదా అని చేరిన కొత్తలో అళగేశన్ అమాయకంగా అడిగాడు. క్యాజువల్‌కు క్యాజువల్ లీవు లేదని సూపరింటెండెంటు దొరైస్వామి చెప్పాడు. చెప్పి, ఇంత మంచి జోకు తను కూడా ఎప్పుడూ వినలేదన్నట్టు బల్ల మీద చరిచాడు. అప్పటి నుంచి అళగేశన్‌కు ఒక్కటే కోరిక మిగిలింది. పర్మనెంటు అయితే కారు కొనాలనీ మిద్దె కట్టాలనీ కాదు. ఒక మంగళవారమో బుధవారమో, అందరూ పనికి పోతుంటే, క్యాజువల్ లీవు పెట్టి కోసపాళయంలోని తన ఇంటి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చోవాలి.

ఆ రోజు దగ్గరికి వచ్చింది. గోదాముకు పన్నెండు పర్మనెంటు పోస్టులు మంజూరయ్యాయి. సర్వీసు లెక్కన పేర్లు పంపమన్నారు. అళగేశన్ ఏడోవాడు. ఒకే షరతు, సర్వీసులో మచ్చ ఉండకూడదు. పదమూడోవాడు మణికంఠన్, బీకాం చదివినవాడు, చేరి మూడేళ్లయింది, దొరైస్వామికి సొంత చెల్లెలి కొడుకు. పన్నెండు పోస్టులకు పదమూడోవాడు కావడమంటే బస్సు కదిలాక కమ్మీ పట్టుకోవడమే. ఎవరో ఒకరు దిగితే తప్ప చోటు లేదు. దీన్ని మనసులో పెట్టుకోండి.

అదే నెలలో ప్రీతికకు కాలేజీలో ఒక హోంవర్కు ఇచ్చారు. బీఏ ఇంగ్లీషు మొదటి ఏడాది. నివేదిత మేడం ఒక్కొక్కరిని ఒక్కొక్క మామూలు ఇంగ్లీషు విశేషణం తీసుకుని, దాని అర్థాలు, పుట్టుక, వాడుక రాసుకురమ్మంది. పిల్లలంతా నైస్ అనీ సిల్లీ అనీ తీసుకుంటే, ప్రీతిక తను పుట్టినప్పటి నుంచి ఇంట్లో వింటున్న మాట తీసుకుంది. ఆదివారం పొద్దున తిలగం నెత్తళ్ల చేపల తలలు గిల్లుతూ కూర్చుంటే, నోటుబుక్కు పట్టుకుని తండ్రి ముందు కూర్చుంది.

“నైనా, కేజువల్ అంటే ఏంది?”

“ఏంది అంటే ఏంది చెప్పేది? నేనే” అన్నాడు అళగేశన్.

అది ఒక అర్థమేననీ, ఇంకా ఉన్నాయనీ చెప్పి ఆ పిల్ల మొదలుపెట్టింది. లాటిన్‌లో కాసుస్ అంటే పడడం. పాచిక పడినట్టు, ఎటు పడితే అటు. అందులోంచి అనుకోకుండా జరిగేది అనే అర్థం వచ్చింది. తర్వాత లండన్ ఓడరేవులో పొద్దున్నే గేటు దగ్గర గుంపుగా నిలబడి, పిలిస్తే లోపలికి, లేకుంటే ఇంటికి పోయే కూలీలను ఆ మాటతో పిలిచారు. అక్కడి నుంచి ఆ మాట ఓడెక్కి సేదరపేట్ దాకా వచ్చింది. ఆసుపత్రి క్యాజువాల్టీ కూడా ఆ పడడంలోంచి వచ్చినదే. కేసు అనే మాట కూడా ఆ ఇంటి బిడ్డే.

అళగేశన్ మొహం వెలిగిపోయింది. అయితే ఆసుపత్రిలో తను అన్నది తప్పు కాదు గదా అని తిలగం వైపు తిరిగాడు. “చూస్తివా? అంతా మన చుట్టాలే.”

“ఇంకో అర్థం ఉండాది నైనా. అది మంచిది గాదు” అంది ప్రీతిక. “లెక్కలేనితనంగా పని చేసేటోడు. ఒళ్లు దగ్గర పెట్టుకోనోడు. ఈ కాలంలో అదే ఎక్కువ వాడతారంట.”

అళగేశన్ నవ్వాడు. “అది బుక్కులో ఉండేది పాపా. గోదాములో అట్ల ఎవురూ అనరు.”

ఆ మాట అని, నెత్తళ్ల పులుసులోకి మామిడికాయ వేయమని భార్యకు చెప్పి, స్నానానికి లేచాడు. కన్నకూతురు తెచ్చి చేతిలో పెట్టిన మంచి సమాచారాన్ని ఆ మనిషి అరుగు మీదే వదిలేసి పోయాడు. ఇందుకు నాకు అతని మీద ఇప్పటికీ కోపమే.

నవంబరులో తుఫాను వచ్చింది. మూడు రోజులు సెలవులిచ్చారు. సెలవులకు ముందు సాయంత్రం తాళం వేసే డ్యూటీ మణికంఠన్‌ది. వానకు ముందే ఇల్లు చేరాలని అతను మోటారు సైకిలెక్కి వెళ్లిపోయాడు. నాలుగో రోజు పొద్దున అళగేశన్ వచ్చేసరికి షట్టరు జానెడు పైకి లేచి ఉంది. లోపల చీలమండల దాకా నీళ్లు. కింది వరస మూటలన్నీ నాని, గోనె కన్నాల్లోంచి వడ్ల మొలకలు తెల్లగా బయటికి వచ్చేశాయి. విత్తనం గోదాములోనే మొలిస్తే ఇక దేనికీ పనికిరాదు. అళగేశన్ లుంగీ ఎగగట్టి, పై వరసలైనా దక్కించుకుందామని సాయంత్రం దాకా ఒక్కడే మూటలు మోశాడు. మణికంఠన్ మధ్యాహ్నం ఉతికిన బట్టల్లో వచ్చి, ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు.

తాళం వేసినవాళ్లు సంతకం పెట్టే పుస్తకంలో ఆ సాయంత్రం ఎవరి సంతకమూ లేదు. ఆ వారం తాళం వంతుకు మాత్రం ఇద్దరి పేర్లూ రాసి ఉన్నాయి. అందుకని ఇద్దరి మీదా విచారణ అన్నారు.

విచారణకు ముందు రోజు దొరైస్వామి అళగేశన్‌ను ఖాళీ గోనెల గుట్ట వెనక్కి పిలిచాడు. దొరైస్వామి వాళ్లు కూడా తెలుగువాళ్లే. ఎప్పుడో వచ్చి భూములు సంపాదించిన కుటుంబం, మూలకుళంలో పెద్ద ఇల్లు. ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా అళగేశన్‌తో తమిళంలో అధికారం చేసిన మనిషి, ఆ రోజు భుజం మీద చెయ్యి వేసి తెలుగులో మాట్లాడాడు. ఆ చెయ్యి బరువుకే అళగేశన్‌కు కళ్లు చెమ్మగిల్లాయి.

“మనోడివని చెప్తా ఉండానురా. ఆఫీసరు ఏది అడిగినా, అందులో కేజువల్ అనే మాట వినబడితే అవును సార్ అని చెప్పు. పర్మనెంటోళ్లకైతే చార్జిషీటు, సస్పెన్షను. కేజువల్‌కి అవేవీ లేవు. ఆ మాటే నిన్ను కాపాడతాది.”

మరి డ్యూటీ మణికంఠన్‌దని ఎవరు చెప్పాలని అళగేశన్ నసిగాడు. అది తను చెబుతాననీ, అళగేశన్ చెబితే చాడీలా ఉంటుందనీ దొరైస్వామి అన్నాడు. ఈ మాట కూడా న్యాయంగానే తోచింది. సొంత భాషలో చెప్పిన మాట మీద మనిషికి ఎందుకో అంత నమ్మకం. మోసం చేసేవాడు కూడా ఏదో ఒక భాష మాట్లాడాలి గదా, మన భాషే మాట్లాడకూడదని ఎక్కడుంది?

విచారణకు హెడ్డాఫీసు నుంచి ఎళిలరసన్ అనే ఆఫీసరు వచ్చాడు. పక్కన దొరైస్వామి, కంప్యూటరు ముందు టైపిస్టు లీలమ్మ. ముందు మణికంఠన్‌ను పిలిచారు. అళగేశన్ బయట బెంచీ మీద కూర్చున్నాడు, తలుపు ఓరగా తెరిచి ఉంది. మణికంఠన్ ఇంగ్లీషులో గట్టిగా చెప్పిన ఒక్క వాక్యం అతనికి వినబడింది.

“నో సార్. ఐ వాజ్ నెవర్ క్యాజువల్.”

అళగేశన్ నిర్ఘాంతపోయాడు. నో, నెవర్, క్యాజువల్. మూడు మాటలూ అర్థమయ్యాయి. మస్టరులో తన పేరు కింద పేరున్న కుర్రవాడు, మూడేళ్ల నిన్నటి క్యాజువల్, ఆఫీసరు మొహాన తను క్యాజువలే కాదని అబద్ధమాడుతున్నాడు! పర్మనెంటు ఆర్డరు ఇంకా రానేలేదు, అప్పుడే ఇంత పొగరు. తను మాత్రం నిజమే చెప్పాలని, తలెత్తి చెప్పాలని, అళగేశన్ చొక్కా సర్దుకుని లోపలికి వెళ్లాడు. వేసుకున్నది నెహ్రూ వీధి గళ్ల చొక్కాయే.

ఆఫీసరు తమిళంలోనే అడిగాడు. అన్ని మాటలూ తమిళమే, ఒక్కటి తప్ప. గోదాము తాళం విషయంలో నువ్వు క్యాజువల్‌గా ఉన్నావా అని.

ఆ మాట వినబడగానే అళగేశన్‌కు ధైర్యం వచ్చింది. “అవును సార్. కేజువలే.”

ఎళిలరసన్ కాగితంలోంచి తలెత్తాడు. విచారణల్లో ఇంత సులువుగా ఒప్పుకున్నవాణ్ని ఆయన సర్వీసులో చూడలేదు కాబోలు. ఎన్నాళ్ల నుంచి ఇలా అని అడిగాడు. ఇరవై రెండేళ్లని చెప్పాడు. ఎప్పుడూ ఇలాగేనా అంటే, ఒక్క రోజు కూడా తప్పలేదని చెప్పాడు. మార్చుకోమని పైవాళ్లు ఎవరూ చెప్పలేదా అంటే, మారిపోతుందని ఏటా చెబుతూనే ఉన్నారనీ, తనూ దాని కోసమే ఎదురుచూస్తున్నాననీ చెప్పాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. బయట విన్న అబద్ధం గుర్తొచ్చి, అడగని మాట కూడా చెప్పాడు.

“మణికంఠన్ గూడా కేజువలే సార్. కాదని చెప్తా ఉండాడు గానీ. అయితే మూడేళ్లే. నాతో చూస్తే ఆ పిల్లోడిది ఏమీ లేదు.”

టైపు చప్పుడు ఆగింది. లీలమ్మ అళగేశన్ వైపు చూసింది. ఆమెకు తమిళమూ వచ్చు, ఇంగ్లీషూ వచ్చు, అళగేశన్ ఏ అర్థంలో మాట్లాడుతున్నాడో, ఆఫీసరు ఏ అర్థంలో వింటున్నాడో రెండూ తెలుసు. ఆ గదిలో నోరు విప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. తర్వాత ఆమె దొరైస్వామి వైపు చూసింది. ఆయన చిన్నగా దగ్గాడు. లీలమ్మ పర్మనెంటు, రిటైరుమెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. మళ్లీ టైపు చప్పుడు మొదలైంది.

వాంగ్మూలం ఇంగ్లీషులో అచ్చయి వచ్చింది. సంతకం చేసే ముందు చదువుకోమన్నారు. అళగేశన్ కాగితం పట్టుకుని పై నుంచి కింది దాకా శ్రద్ధగా చూశాడు. తన మాట మూడు చోట్ల ఉంది. ఆరక్షరాలూ సరిగ్గా ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోలేదు. తృప్తిగా, తమిళ అక్షరాల్లో, ఇంటిపేరు అక్షరం ముందు పెట్టి మరీ సంతకం చేశాడు.

డిసెంబరులో నోటీసు బోర్డు మీద జాబితా వేశారు. పన్నెండు పేర్లు. ఏడో పేరు అళగేశన్‌ది కాదు. పన్నెండో పేరు మణికంఠన్‌ది. అళగేశన్ పన్నెండు పేర్లూ పక్కవాడి చేత రెండుసార్లు చదివించుకున్నాడు. జాబితా పక్కన విడిగా మరో కాగితం అంటించి ఉంది. దాని మీద తన పేరు ఉందని పక్కవాడు చెప్పాడు. ఆ పేరు తర్వాత వరసలో తన ఆరక్షరాలు కనబడ్డాయి. అతని ప్రాణం లేచివచ్చింది. తనది ప్రత్యేకమైన కేసు గనుక, ఇరవై రెండేళ్ల క్యాజువల్ గనుక, విడిగా ఆర్డరు వేశారనుకున్నాడు. ఫోనులో ఫొటో తీసుకుని, దారిలో పావు కిలో జాంగిరీ కట్టించుకుని ఇంటికి వచ్చాడు.

ప్రీతిక అప్పుడే కాలేజీ నుంచి వచ్చింది. ఆమె హోంవర్కు కూడా ఆ రోజే తిరిగి వచ్చింది. పదికి ఏడు మార్కులు. కింద మేడం ఎర్ర సిరాతో, ఇంట్లోంచి తెచ్చిన ఉదాహరణలు బాగున్నాయి గానీ రాసిన తీరు క్యాజువల్‌గా ఉందని రాసింది. ఆ పిల్ల ఆ చిరాకులోనే ఫోను అందుకుంది. ఫొటోను పెద్దది చేసి చదివింది. మళ్లీ చదివింది. జాంగిరీ పొట్లం విప్పుతున్న తల్లిని ఆగమని చేత్తో సైగ చేసింది.

“నైనా, వాళ్లు నిన్ను ఏమడిగినారు? నువ్వు ఏం చెప్పితివి?”

అళగేశన్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. భుజం మీద చెయ్యి దగ్గర నుంచి సంతకం దాకా చెప్పాడు. ప్రీతిక ఆ కాగితంలో ఉన్నది మాట మాటకూ విడదీసి చెప్పింది. అళగేశన్ అనే రోజు కూలీ తన విధుల్లో ఇరవై రెండేళ్లుగా నిత్యమూ నిర్లక్ష్యంగా ఉంటున్నట్టు తానే ఒప్పుకున్నాడు. తోటి పనివాడు మణికంఠన్‌లో అలాంటి లోపం చెప్పుకోదగ్గంత లేదని కూడా అతనే చెప్పాడు. అందువల్ల అతణ్ని పర్మనెంటు చేయడానికి వీలులేదు. రోజు కూలీగా కూడా అవసరమైతేనే పిలవాలి.

 అళగేశన్ ఫోను తీసుకుని, ఆ ఆరక్షరాల మీద వేలు పెట్టి, ఇది అదే గదా, మస్టరులో ఉండేది ఇదే గదా అని అడిగాడు. అదేనంది ప్రీతిక. అక్షరాలు అవే అయినప్పుడు అర్థం ఎలా మారుతుందని అడిగాడు.  ప్రీతిక తన మూడు పేజీల హోంవర్కు తీసి మళ్లీ తిరగేసింది. తిలగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. అళగేశన్ మనసు విరిగిపోయింది. చూస్తుండగానే విరిగింది, దాన్ని మరో విధంగా చెప్పడం నాకు చేతకాదు.

మరునాడు ప్రీతిక తన నిఘంటువు పేజీ జిరాక్సు తీయించి, రెండు అర్థాల కిందా గీతలు గీసి ఇచ్చింది. అది పట్టుకుని అళగేశన్ మూలకుళం వెళ్లాడు. దొరైస్వామి వరండాలో ఉయ్యాల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య నీళ్లు తెచ్చి ఇచ్చింది, కాగితం కప్పులో. ఇంట్లో స్టీలు గ్లాసులు లేక కాదు. తాగాక కప్పు ఎక్కడ పడేయాలో కూడా చూపించింది.

దొరైస్వామి జిరాక్సు కాగితం కళ్లజోడు పెట్టుకుని పూర్తిగా చదివాడు. ఆయన మొహంలో కోపం లేదు, సిగ్గు అంతకన్నా లేదు.

“నేను నిన్ను అబద్ధం చెప్పమన్నానా? నువ్వు కేజువలే గదా” అన్నాడు. “ఏ కేజువల్ అని వాళ్లు అడగలేదు, నువ్వు చెప్పలేదు. మధ్యలో నేను ఏంది చేసేది?”

“మీకు తెలుసు గదా అయ్యా” అన్నాడు అళగేశన్.

“తెలుసు” అన్నాడు దొరైస్వామి.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తిరిగి ఇచ్చాడు. ఉయ్యాల ఒకసారి ఊపుకుని, గురువారం గోదాముకు రమ్మని చెప్పాడు. ఆ రోజు మణికంఠన్ సెలవు, చేతికి ఒక మనిషి తక్కువ. ఇంకెవరినైనా పిలవొచ్చు గానీ, మనవాడని నిన్ను పిలుస్తున్నానని కూడా అన్నాడు. అళగేశన్ సరేనన్నాడు. తల ఊపి, దణ్ణం పెట్టి, కప్పు చెప్పిన చోట పడేసి బయటికి వచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి ప్రీతిక అప్పీలు రాసి పెట్టింది. నాలుగు పేజీలు, మంచి ఇంగ్లీషు, తేదీలతో సహా. కింద సంతకం చేస్తే చాలు. అళగేశన్ ఆ కాగితాల వైపు చూడకుండా, గురువారం రమ్మన్నారనీ, ఇప్పుడు ఇవి పంపితే అది కూడా పోతుందనీ మెల్లగా చెప్పాడు.

ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లు. తండ్రి కోసం రాత్రీ పగలూ తిండి మానేసి రాసింది. కాగితాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడి, ఏ శత్రువూ అనలేని మాట అనేసింది.

“ఆ రెండో అర్థం గూడా నీకు సరిగ్గా ఉండాది నైనా.”

తిలగం లోపలి నుంచి వచ్చి కూతురి వీపు మీద ఒకటి వేసింది. అళగేశన్ అడ్డం పోలేదు, కోప్పడలేదు. ఆ మాటకు మూలం పడడమేనని చెప్పింది ఆ పిల్లే. ఇరవై రెండేళ్లలో మూటల మీదినుంచి పడ్డాడు, పాట్లు పడ్డాడు, ఆఫీసులో అందరి నోళ్లలోనూ పడ్డాడు. కూతురి చేత మాట పడడం ఒక్కటే మిగిలి ఉండింది, అదీ అయిపోయింది. అప్పీలు కాగితాలు మడిచి బీరువా మీద పెట్టింది ప్రీతిక. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

గురువారం అళగేశన్ అందరికన్నా ముందు గోదాముకు వెళ్లాడు. లీలమ్మ మస్టరు తెరిచి అతని వైపు తోసింది, కళ్లెత్తలేదు. పర్మనెంటువాళ్ల పేజీలో కొత్తగా రాసిన పన్నెండో పేరుకు ఎదురుగా, ఆ రోజు గడిలో ఎర్ర సిరాతో రెండు అక్షరాలున్నాయి. అదేమిటని అడిగాడు. సీఎల్, క్యాజువల్ లీవు అని చెప్పింది లీలమ్మ. మణికంఠన్ ఆ రోజు ఎక్కడికీ పోలేదట, ఊరికే ఇంట్లో కూర్చుంటానన్నాడట. అళగేశన్ పేజీ తిప్పి, చిట్టచివర తన పేరు వెతుక్కుని, తన ఆరక్షరాల పక్కన సంతకం పెట్టాడు.

ఆ రోజంతా మణికంఠన్ మోయవలసిన మూటలు మోశాడు. సాయంత్రం అందరూ వెళ్లిపోయారు, వెనక నిలబడి లెక్కపెట్టేవాళ్లు కూడా ఎవరూ లేరు. షట్టరు దించి తాళం వేశాడు. ఒకసారి లాగాడు. రెండోసారి లాగాడు. మూడోసారి కూడా లాగి, సైకిలు దాకా వెళ్లాడు. అక్కడ నిలబడి కూతురు అన్న మాట తలుచుకున్నాడు. సైకిలు స్టాండు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, రెండు చేతులతో నాలుగోసారి లాగాడు.

తాళం పడే ఉంది.